ముందు కట్టు విప్పి చూడు

అమలాపురం

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

భీమవరంలో సర్జరీ విభాగంలో ఫిజీషియన్ అసిస్టెంట్‌గా చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. మన చుట్టాల్లో సగం మందికి ఆ ఉద్యోగం ఏమిటో తెలియదు. నర్సా, డాక్టరా అని అడుగుతూనే ఉంటారు, ఓపిగ్గా చెప్పు. అలైడ్ హెల్త్ కేర్ వృత్తుల కోసం 2021లో కేంద్రం చేసిన చట్టంలో మీకూ చోటిచ్చారు, కాబట్టి నీ పనికి గుర్తింపు లేదని ఎవరన్నా అంటే పట్టించుకోకు. పేషెంట్లు మాత్రం నిన్ను డాక్టరమ్మా అనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ "నేను డాక్టరు గారి అసిస్టెంట్‌నండీ, చూసి ఆయనకు చెబుతాను" అను. దాంతో నీ గౌరవం పెరుగుతుందే గానీ తరగదు.

సర్జన్ థియేటర్‌లో ఉన్నప్పుడు క్యాజువాలిటీలోనూ వార్డులోనూ పేషెంటు మీద మొదట చెయ్యి వేసేది నువ్వే. చెయ్యిదాటిపోయిన కేసులు నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి కారణం ఒక్కటే: ఎవరో ఒకరు పంచె తొలగించి గజ్జలు చూడలేదు, లేదా కాలి కట్టు విప్పలేదు. పుస్తకంలో ఉన్నదంతా నీకు వచ్చు. నేను చెప్పేది, వచ్చింది వాడుకోమని.

ముందు మాట అడిగే పద్ధతి. మన గోదావరి జిల్లాల వాళ్లు మర్యాదస్తులు, నువ్వు ఏం అడిగినా "ఆయ్" అంటారు. అది నీ మాట విన్నామని చెప్పడమే అనుకో, ఔనని చెప్పినట్టు రాసుకోకు. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా?" అంటే "ఆయ్, లేదండీ" అంటారు, అరగంట క్రితం టీ తాగి ఉంటారు. అందుకే "లేచాక ఏం తాగారు? ఎన్నింటికి?" అని అడుగు. మత్తు ఇవ్వడానికి ముందు మామూలు భోజనానికి 6 గంటలు, మంచినీళ్లకి 2 గంటలు ఆగాలి. పాలు పోసిన టీ, కాఫీ కూడా 6 గంటల లెక్కలోకే వస్తాయి. మందుల పేర్లు నోటితో చెప్పించుకోవద్దు, సంచీ బోర్లించి షీట్లు చూడు. షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటిని ఆపరేషన్‌కి 3 రోజుల ముందే ఆపాలి. ఆపకపోతే షుగరు రీడింగ్ బాగానే కనపడుతూ లోపల రక్తం ఆమ్లమైపోతుంది, వాంతులు, ఆయాసం వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు. గుండెకి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతున్నా సర్జన్‌కీ మత్తు డాక్టరుకీ ముందే తెలియాలి. ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో వాళ్లు చెబుతారు. వాళ్ల దాకా ఆ మాట తీసుకెళ్లడం నీ పని.

ఇక పొట్ట. మన దగ్గర ప్రతి కడుపునొప్పీ గ్యాస్ నొప్పే. సోడా తాగి, ఊళ్లో ఆర్ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించుకుని, తగ్గకపోతే అప్పుడు వస్తారు. నువ్వు ముందు మనిషి ఎలా పడుకున్నాడో చూడు. కిడ్నీలో రాయి ఉన్నవాడు మంచం మీద నిలకడగా ఉండలేడు, పొర్లుతాడు. పేగుకో, జీర్ణాశయానికో చిల్లు పడ్డవాడు కదలడు, దగ్గమంటే భయపడతాడు, పొట్ట చెక్కలా బిగుసుకుని ఉంటుంది. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి కొనుక్కున్న మాత్రలు ఏళ్ల తరబడి మింగినవాళ్లలో ఇది చాలా చూస్తావు. నిలబెట్టిగానీ కూర్చోబెట్టిగానీ ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే కుడివైపు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే పొర) కింద నల్లటి గాలి చార కనిపించవచ్చు. గాలి కనపడలేదని చిల్లు లేదనుకోకు. బాగా ముసలివాళ్లలో, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో పొట్ట బిగుసుకోకపోవచ్చు కూడా.

అపెండిక్స్ నొప్పి బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటలకు కుడివైపు కిందికి దిగుతుందని నీకు తెలుసు. నేను గుర్తు చేసేది ఒక్కటి. రాత్రంతా ఏడ్చిన కుర్రాడు తెల్లారేసరికి "నొప్పి తగ్గిపోయిందండీ" అంటే ఇంట్లోవాళ్లు డిశ్చార్జి అడుగుతారు. నాడి చూడు. నొప్పి తగ్గి నాడి పెరిగిందంటే అపెండిక్స్ పగిలి ఉండవచ్చు. పిల్లల్ని కనే వయసున్న ఏ ఆడమనిషి కడుపునొప్పితో వచ్చినా, పెళ్లయిందా లేదా అన్నదానితో పని లేకుండా, మర్యాదగా ఒంటరిగా మాట్లాడి ప్రెగ్నెన్సీ పరీక్ష చేయించు. ట్యూబులో నిలిచిన గర్భం పగిలితే గంటల్లో ప్రాణం పోతుంది. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తే జబ్బు కనపడకుండా పోతుందని ఇంకా ఎవరైనా అంటే నమ్మకు. సర్జన్‌ని అడిగి నొప్పి తగ్గించు, అప్పుడే పొట్ట సరిగ్గా చూడనిస్తారు. పిత్తాశయంలో రాళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు, అల్ట్రాసౌండ్ చెబుతుంది. జ్వరం, కామెర్లు తోడైతే మాత్రం తెల్లారేదాకా ఆగకు.

వాంతులతో, పొట్ట ఉబ్బరంతో వచ్చిన ప్రతి మనిషికీ రెండు గజ్జలూ చూడాలి. సన్నగా ఉన్న ముసలమ్మల్లో తొడ మొదట్లో ఉసిరికాయంత హెర్నియా గడ్డ ఉంటుంది. ఆవిడ సిగ్గుతో చెప్పదు, చీర ముడి కింద ఎవరూ చూడరు. పేగు అందులో ఇరుక్కుని చచ్చుబడుతూ ఉంటుంది. గడ్డ గట్టిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి అంటే బలవంతంగా లోపలికి తొయ్యకు.

పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. వాడు కడుపునొప్పి అనే చెబుతాడు, ఎందుకంటే పక్కన అమ్మ ఉంటుంది, ఎదురుగా నువ్వున్నావు. అమ్మని బయట కూర్చోబెట్టి, మగ నర్సుని తోడు పిలిచి, వృషణాలు చూడాల్సిందే. ఒకవైపుది పైకి ఎక్కి, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటే మెలిక పడిందనే అనుకో. నొప్పి మొదలైన 6 గంటల్లోపు మెలిక విప్పితే చాలావరకు దక్కుతుంది, తర్వాత గంట గంటకీ అవకాశం తగ్గిపోతుంది. స్కానింగ్ వాళ్లు వచ్చేదాకా ఆగి కూర్చోవద్దు, సర్జన్‌కి వెంటనే ఫోన్ చెయ్యి.

డెల్టా అంటే దోమలూ, ఫైలేరియా కూడా. బోదకాలు, వరిబీజం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నవే. వృషణాల వాపు పైభాగాన్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టుకున్నప్పుడు రెండు వేళ్లూ కలిస్తే అది కిందనే ఉన్న వరిబీజం, వేళ్లు కలవకుండా వాపు గజ్జలోకి పోతుంటే హెర్నియా. చీకటి గదిలో టార్చి పెడితే నీరున్నది ఎర్రగా వెలుగుతుంది. వెలగని గట్టి గడ్డ కుర్రవాడిలో కనపడితే సూది పెట్టనివ్వకు, అల్ట్రాసౌండ్ తీయించాలి, అది క్యాన్సర్ కావచ్చు. బోదకాలు ఉన్నవాళ్లకి మాత్రం ఓ పది నిమిషాలు కేటాయించు. రోజూ సబ్బూ నీళ్లతో కడగడం, వేళ్ల సందులు పొడిగా తుడవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవడం దగ్గరుండి చేసి చూపించు. ఆ పనితోనే వాళ్లకి మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి.

అన్నిటికంటే ఎక్కువ కాళ్లు దక్కేదీ, పోయేదీ షుగరు పుండ్ల దగ్గర. మన రైతులు ఊడ్పుల రోజుల్లో పొద్దస్తమానం బురదలోనే ఉంటారు, చెప్పులతో పొలంలో దిగరు. షుగరు వల్ల పాదం మొద్దుబారి ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వారం తర్వాత జ్వరం అని వస్తాడు, కాలి మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు, అడిగితే "చిన్న పుండేనండీ, నొప్పి లేదండీ" అంటాడు. నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాదం. తువ్వాలు తీయి, కట్టు విప్పు, రెండో కాలి చెప్పు కూడా విప్పించు. చివరి రెండు వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని ఉంటుంది, పైకి ఇంకేమీ ఉండదు. అరికాలు మధ్యలో బొటనవేలితో నొక్కి చూడు. ఆ సందులోంచి చీము బయటికి వచ్చిందంటే పుండు చిన్నది కాదు, అరికాలంతా చీమే. చర్మం కింద గాలి బుడగలు చిటచిటమన్నా, ఎరుపు పైకి పాకుతున్నా ఆ రాత్రే థియేటర్‌కి వెళ్లాలి. పాదం మీదా, చీలమండ వెనకా నాడి అందుతుందో లేదో రాయి. ఎరుపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో చర్మం మీదే గీత గీసి పక్కన టైము వేయి. రాత్రి డ్యూటీవాళ్లకి ఆ గీత దాటిందో లేదో కనపడుతుంది, వాదన ఉండదు.

నువ్వు వెళ్లేది భీమవరం కాబట్టి రొయ్యల చెరువుల మనుషులూ వస్తారు. ఉప్పునీటి చెరువులో రొయ్య ముల్లు గుచ్చుకుని, కొన్ని గంటల్లోనే చెయ్యి వాచి నల్లటి బొబ్బలు లేస్తే, అందులోనూ మందు తాగే అలవాటుండి లివర్ చెడినవాడైతే, రేపటిదాకా చూద్దామనే మాటే వద్దు. పైకి కనిపించేదానికీ అతను పడే బాధకీ పొంతన లేకుండా ఉంటే లోపలి పొరలు కుళ్లుతున్నాయని అర్థం.

కోనసీమ వైపు నుంచి కొబ్బరి దింపు కార్మికులు వస్తారు, చెట్టు మీంచి పడి. మడమ విరిగిందని అందరూ మడమే చూస్తారు. నువ్వు నడుము వెన్నెముక చూడు, అది తేలేదాకా మనిషిని లేపి కూర్చోబెట్టనివ్వకు. ఎడమ పక్కటెముకల కింద నొప్పి, ఎడమ భుజం లాగుతోందంటే ప్లీహం పగిలి ఉండవచ్చు. కుర్రవాళ్లలో బీపీ చాలాసేపు బాగానే ఉంటుంది, నాడి ముందు పరుగెడుతుంది.

ఆపరేషన్ అయ్యాక కూడా నీ కళ్లు నాడి మీదే ఉండాలి. పేగు కోసి అతికించిన మనిషికి నాలుగో రోజో, ఐదో రోజో కారణం లేకుండా నాడి 110, 120 అవుతుంటే, జ్వరం లేకపోయినా అతుకు కారుతోందేమోనని చెప్పు. మూత్రం గంటకు కిలో బరువుకి అర మిల్లీలీటరు కంటే తగ్గకూడదు, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు. ఐదు నుంచి ఎనిమిది రోజుల మధ్య పొట్ట కట్టు గులాబీ రంగు నీటితో తడిస్తే పైన ఇంకో కట్టు వేసి ఊరుకోకు, లోపలి కుట్లు విడిపోతున్నాయేమో. పేగు బయటికి వచ్చేస్తే సెలైన్‌లో తడిపిన స్టెరైల్ గుడ్డ కప్పి, పడుకోబెట్టి, కేక వెయ్యి. వచ్చిన పేగుని నువ్వు లోపలికి నెట్టకు.

కాలు తీయాల్సి వచ్చినప్పుడు కొడుకులూ అల్లుళ్లూ వరండాలోనే నిర్ణయం చేసేస్తారు, మంచం మీద ఉన్నవాడికి ఎవరూ చెప్పరు. సర్జన్ మాట్లాడేటప్పుడు నువ్వు పక్కనే ఉండి, ఆయన వెళ్లాక పేషెంటు దగ్గర కూర్చుని, ఏ కాలు, ఎక్కడిదాకా, ఎందుకు అన్నది అతని మాటల్లో అతని చేతే చెప్పించు. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర ఆ తర్వాతే. థియేటర్‌లో కోతకి ముందు అందరూ ఆగి పేరు, ఆపరేషన్, ఏ వైపు అని చదువుతారు కదా, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్ట్, అది హడావిడిలో గొణిగేస్తుంటే గట్టిగా చదవమని అడుగు. చిన్నదాన్నని జంకకు.

చివరిగా, రాత్రి రెండింటికి సర్జన్‌కి ఫోన్ చేయడానికి టెన్షన్ పడకు. పేషెంటు పక్కనే నిలబడి, కేసు షీటు చేతిలో పెట్టుకుని ఫోన్ చెయ్యి. "సార్, 58 ఏళ్ల షుగర్ పేషెంట్, ఎడమ పాదం, సాయంత్రం గీసిన గీత దాటి ఎరుపు నాలుగు వేళ్లు పైకి పాకింది, నాడి 124, బీపీ 100, అరికాల్లోంచి చీము వస్తోంది, మీరు వచ్చి చూడాలి సార్, ఈలోపు థియేటర్ సిద్ధం చెయ్యమంటారా?" ఇంతే. విసుక్కుంటే విసుక్కోనీ, ఆయన మంచం దిగి వస్తాడు. ఫోన్ ఎత్తకపోతే మత్తు డాక్టరుకో, డ్యూటీ డాక్టరుకో చెయ్యి. ఎవరికి, ఎన్నింటికి చేశావో షీటు మీద రాసి సంతకం పెట్టు.

మీ పెదనాన్న