నెక్‌ని వంచాలా, వాల్చాలా?

సందేహం: తిరుపతిలో ఒక బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాను. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ‘తీగల యాక్షన్ తగ్గాలంటే నెక్‌ని కొంచెం వెనక్కి వంచాలి’ అని రాశాను. (యాక్షన్ అంటే తీగల ఎత్తు, నెక్ అంటే తీగలు సాగే పొడవాటి కర్ర.) ఒక కుర్రాడు అది చదివి నెక్ లోపలుండే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, తిప్పేశాడు. నా తెలుగు తప్పా?

సమాధానం: తప్పు కాదండీ, కానీ ఆ చోట చాలని మాట. విల్లు వంచినా ఊచ వంచినా దాని ఆకారమే మారుతుంది. బిందె వంచి నీళ్లు పోస్తే మాత్రం బిందె ఆకారం మారదు, ఒక పక్కకి ఒరుగుతుందంతే. మీరు ఈ రెండో అర్థంలో రాశారు, అతను మొదటి అర్థంలో చదివాడు. నెక్ వంపు సరిచేయడానికే లోపల ట్రస్ రాడ్ ఉన్నప్పుడు అతని చెయ్యి అటే పోవడం సహజం.

‘వెనక్కి వాల్చు’ అనండి. కుర్చీలో వెనక్కి వాలినప్పటిలాగే వస్తువు వంగదు, కోణం మారుతుంది. నెక్‌కి జరిగేదీ అదే కదా. తీగలు వదులు చేసి, బోల్టులు విప్పి, బాడీలో నెక్ కూర్చునే గాడిలో బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) వైపు కొసన అర మిల్లీమీటరు ప్యాకింగ్ పెట్టి మళ్లీ బిగిస్తే తల వైపు వెనక్కి వాలుతుంది, తీగలు నెక్ మీద అడ్డంగా ఉండే మెట్లకు (ఫ్రెట్లకు) దగ్గరవుతాయి. అదే ప్యాకింగ్ అవతలి కొసన పెడితే ఎత్తు ఇంకా పెరుగుతుంది, కాబట్టి ‘బ్రిడ్జి వైపు’ అన్నది ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. బోల్టులతో బిగించిన నెక్‌కే ఇది పనికొస్తుందనీ, బ్రిడ్జి మీద తీగల్ని మోసే శాడిళ్లు పూర్తిగా దించినా ఫలితం లేనప్పుడే చేయాలనీ కూడా చెప్పాలి.

‘యాక్షన్’ మీ వాళ్లకి అలవాటే గానీ కొత్తవాళ్లకి ‘తీగల ఎత్తు’ అంటే వెంటనే తెలుస్తుంది. 12వ మెట్టు పైనుంచి తీగ అడుగు దాకా కొలిచే దూరమే కదా అది. ఫ్రెట్‌కి ‘మెట్టు’ బాగుంటుందా అని వెనకాడకండి. మీ ఊళ్లో టీటీడీ వారి సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే పిల్లల్ని అడగండి, వీణకున్న 24 మెట్లనీ అదే మాటతో చెప్తారు. నెక్, బ్రిడ్జి, ట్రస్ రాడ్ మాత్రం అలాగే ఉంచండి, దుకాణంలో అడగాల్సింది ఆ పేర్లతోనే.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘తీగల ఎత్తు తగ్గాలంటే, ట్రస్ రాడ్ జోలికి పోకుండా, గాడిలో బ్రిడ్జి వైపు ప్యాకింగ్ పెట్టి నెక్‌ని కొంచెం వెనక్కి వాల్చాలి.’