పాఠకుల ప్రశ్నలు: పాపప్ క్యాంపర్ లాగుతూ సైకిళ్లు, బైకులు ఎక్కడ కట్టాలి?

పాపప్ క్యాంపర్ అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే, టాప్ పైకి లేపితే టెంటులా విచ్చుకునే చిన్న ట్రైలర్. అమెరికాలో బైక్ అంటే తొక్కేదీ కావచ్చు, పెట్రోలుతో నడిచేదీ కావచ్చు. ఈసారి ఉత్తరాల్లో రెండూ ఉన్నాయి. అందుకని ఇక్కడ సైకిల్ అంటే సైకిలే, బైక్ అంటే మన ఊళ్లో అనుకునే బైకే.

ప్రశ్న: మాది సియెన్నా వ్యాన్. పాపప్ క్యాంపర్ వెనక బంపర్‌కి రాక్ బిగించి నాలుగు సైకిళ్లు పెడదామనుకుంటున్నాం. రెండు పెద్దవి, రెండు పిల్లలవి. వెనక అంత జాగా ఉంది కదా, ఇబ్బందేమిటి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: జాగా ఉన్నమాట నిజమే. కానీ అది ఇరుసుకి వెనక ఉన్న జాగా. ఎడ్లబండికి బస్తాలు ముందు ఎక్కువేస్తే కాడి ఎద్దుల మెడల మీద పడుతుంది, వెనక ఎక్కువేస్తే పైకి లేస్తుంది. క్యాంపర్‌కీ అదే సూత్రం. వ్యాన్ వెనక క్యాంపర్‌ని తగిలించే అమరిక హిచ్, దాని మీదుండే ఇనుప గుండు హిచ్ బాల్. ఆ బాల్ మీద పడే బరువుని టంగ్ వెయిట్ అంటారు. అది క్యాంపర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గితే, హైవే మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటినప్పుడో, దిగుడులో వేగం పెరిగినప్పుడో క్యాంపర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి వ్యాన్ తోకని కూడా ఊపేస్తుంది.

లెక్క వేసి చూడండి. సామానుతో 2,600 పౌండ్ల క్యాంపర్, టంగ్ వెయిట్ 300 అనుకుందాం. అంటే పదకొండున్నర శాతం, బాగానే ఉంది. బాల్ నుంచి ఇరుసుకి 12 అడుగులు, వెనక రాక్ ఇరుసుకి 7 అడుగుల వెనక. నాలుగు సైకిళ్లూ రాకూ కలిపి 155 పౌండ్లు. దాన్ని 7తో గుణించి 12తో భాగిస్తే 90. బాల్ మీద బరువు అంత తగ్గి 210కి దిగుతుంది. మొత్తం బరువేమో 2,755 అయింది. ఏడున్నర శాతం! సైకిళ్లు పెద్ద బరువేమీ కాదు, వాటిని పెట్టిన చోటే తప్పు.

బంపర్ సంగతి వేరే. చాలా క్యాంపర్లకి అది పల్చటి రేకు గొట్టం, సామాను మొయ్యడానికి చేసింది కాదు. ఒకే ఇరుసున్న బండి వెనక భాగం రోడ్డు అతుకుల దగ్గర ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులకి ముందుగా చీలేది వెల్డింగే. ఛాసిస్‌కే బిగించిన రిసీవర్ (రాక్ దూర్చే చదరపు గొట్టం) ఉండి, తయారీదారు పుస్తకం ఒప్పుకుంటే తేలికపాటి సైకిళ్లు రెండు పెట్టొచ్చు. అప్పుడు కూడా కూలర్, డబ్బాలు ఇరుసుకి ముందుకి జరిపి టంగ్ వెయిట్ మళ్లీ తూచాలి.

పోనీ క్యాంపర్ ముందు, ఆ త్రికోణం ఫ్రేమ్ మీద బిగించే రాక్? ఊగుడు బాధ ఉండదు గానీ లెక్క ఇటువైపు తిరుగుతుంది. బాల్‌కి 2 అడుగుల వెనక 105 పౌండ్లు పెడితే అందులో 87 బాల్ మీదే పడతాయి. 300 కాస్తా 387 అవుతుంది. మీలాంటి మినీవ్యాన్లకి లాగే పరిమితి 3,500 పౌండ్లు, బాల్ మీద మామూలుగా 350. దాటిపోయారు. పైగా వ్యాన్ వెనక తలుపు ఎత్తితే హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది.

మీకు కుదిరే పద్ధతి ఇది. పెద్ద సైకిళ్లు రెండూ వ్యాన్ టాప్ మీద. వ్యాన్ మాన్యువల్లో టాప్ మీద ఎంత పెట్టొచ్చో రాసి ఉంటుంది, అందులో రాక్ బరువు కూడా కలిపి చూసుకోండి. వ్యాన్ దాదాపు ఆరడుగులు, సైకిల్ నాలుగడుగులు. ఆ ఎత్తు కొలిచి కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకోండి. డ్రైవ్‌త్రూ దగ్గరో, ఇల్లు చేరాక సొంత గరాజ్ తలుపు దగ్గరో సైకిళ్లు పైనున్న సంగతే మరిచిపోతారు జనం. పిల్లల సైకిళ్లు ముందు చక్రం తీసి, సీటు దించి, క్యాంపర్ లోపల ఇరుసుకి పైనుండే చోట పాత దుప్పటి పరిచి పడుకోబెట్టండి. పెడల్స్ 15 మిల్లీమీటర్ల స్పానర్‌తో తీసేయొచ్చు. ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుడు, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక ఎంత బలమేసినా ఇంకా బిగుసుకుంటుంది. గొలుసుకి గుడ్డ చుట్టండి. టెంటు గుడ్డకి గ్రీజు అంటితే పోదు.

ప్రశ్న: కారుకీ క్యాంపర్‌కీ మధ్య హిచ్ పొడిగించే కడ్డీ వేసి, దాని మీద సైకిల్ రాక్ పెట్టొచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: వద్దు. హిచ్ పొడుగు పెరిగినకొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుంది. చాలా కడ్డీలతో సగానికి పడుతుంది. 350 పౌండ్ల హిచ్ 175కి పడితే క్యాంపర్ టంగ్ వెయిటే పట్టదు, ఇక సైకిళ్ల మాటెక్కడ?

ప్రశ్న: క్యాంపర్ టాప్ మీద రెండు ఈ-సైకిళ్లు? (శాన్ హోసే, కాలిఫోర్నియా)

జవాబు: ప్రయాణంలో టాప్ ఎంత మోస్తుందనేది ఒక అంకె, హ్యాండిల్ తిప్పి లేపేటప్పుడు ఎంత మోస్తుందనేది ఇంకో అంకె. రెండోది బాగా తక్కువ. సైకిళ్లు దించకుండా టాప్ లేపితే కేబుల్ తెగడమో, మూల స్తంభం వంగడమో జరుగుతుంది. ఈ-సైకిల్ ఒక్కోటి 50 నుంచి 70 పౌండ్లు. క్యాంప్‌లో దిగిన ప్రతిసారీ ముందు వాటిని అంత ఎత్తునుంచి దించాలి, అది వానలో కూడా. బ్యాటరీ తీసి కారులో పెట్టుకుంటే కొంత తేలికవుతుంది. అయినా వీటికి కారు హిచ్ ఒక్కటే సరైన చోటు, ఆ హిచ్ మీరు క్యాంపర్‌కి ఇచ్చేశారు. పికప్ ఉంటే దాని తొట్టిలో వెయ్యండి.

ప్రశ్న: 400 పౌండ్ల బైకుని క్యాంపర్ వెనక క్యారియర్ మీద తీసుకెళ్లొచ్చా? మాకు హాఫ్ టన్ పికప్ ఉంది. (ఆల్ఫరెటా, జార్జియా)

జవాబు: పై లెక్కే వెయ్యండి. ఇరుసుకి 8 అడుగుల వెనక 400 పౌండ్లు, 60 పౌండ్ల క్యారియర్. టంగ్ వెయిట్ 300కి పైగా తగ్గుతుంది. ఉన్నదే 300! కాడి లేచిపోయినట్టే.

పికప్ ఉండగా వెనక్కి ఎందుకు చూడటం? డ్రైవర్ తలుపు తీస్తే ఫ్రేమ్ మీద పసుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో అందులో రాసి ఉంటుంది. టంగ్ వెయిట్‌ని కూడా ఇందులోనే కలపాలి, చాలామంది మరిచేది ఇదే. 1,500 అని ఉందనుకోండి: నలుగురు మనుషులు 600, టంగ్ 300, బైక్ 400, ర్యాంపూ కూలరూ 120. మొత్తం 1,420. సరిపోయింది, కానీ ఐదో మనిషికి చోటు లేదు.

తొట్టి ఐదున్నర అడుగులదైతే బైక్ నిలువుగా పట్టదు. ఐమూలగా పెట్టండి. టెయిల్‌గేట్ తెరిచి ఉంచాల్సి వస్తే, ఖాళీ పార్కింగ్‌లో స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, క్యాంపర్ జాక్ (ముందు భాగాన్ని నిలబెట్టే కాలు), గ్యాస్ సిలిండర్ గేటుకి తగులుతాయేమో ఒకరు కిందనుంచి చూడాలి. ముందు చక్రం తొట్టి గోడకి ఆనించి, హ్యాండిల్ రెండు వైపులా మెత్తటి లూప్ పట్టీలు వేసి, రాచెట్ స్ట్రాప్‌లు ఐమూలగా కిందికి లాగండి. ముందు ఫోర్క్ సగం వరకు దిగితే చాలు. పూర్తిగా అణిచేస్తే సీళ్లు కారతాయి, వదులుగా వదిలేస్తే గుంతలో ఫోర్క్ దిగినప్పుడు హుక్ ఊడిపోతుంది. వెనక చక్రం ఎగరకుండా ఇంకో రెండు. సైడ్ స్టాండ్ పైకి మడవండి. పదిహేను మైళ్లు పోయాక ఆగి మళ్లీ బిగించండి, మొదటి బిగింపు తప్పకుండా సడలుతుంది.

ప్రశ్న: టంగ్ వెయిట్ ఇంట్లో తూచేదెలా? (నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: బాత్రూమ్ స్కేల్‌తో. నేరుగా పెడితే స్కేల్ పాడవుతుంది. గట్టి చెక్క దూలం తీసుకుని ఒక చివర ఇటుక మీద, రెండో చివర స్కేల్ మీద ఆనించండి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. చెక్కతో స్కేల్ చూపే అంకె రాసుకోండి. ఇటుకకి అడుగు దూరంలో, స్కేల్‌కి రెండడుగుల దూరంలో జాక్ కాలు దించండి. వచ్చిన అంకెలోంచి చెక్క బరువు తీసేసి మూడుతో గుణిస్తే అదే టంగ్ వెయిట్. చక్రాలకి అడ్డం పెట్టడం మరవొద్దు, క్యాంపర్ మట్టంగా ఉండాలి. నీళ్ల ట్యాంకు, గ్యాస్, సైకిళ్లు ప్రయాణంలో ఎలా ఉంటాయో అలాగే ఉంచి తూచండి. 20 గ్యాలన్ల నీళ్లే 167 పౌండ్లు.