గిన్నె దగ్గరికి వచ్చి వెనుదిరిగే ముసలి పిల్లి

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా పిల్లికి 14 ఏళ్లు. రెండేళ్ల క్రితం నాలుగు కిలోలు ఉండేది, నిన్న తూస్తే మూడు కిలోలే ఉంది. నెల రోజులుగా గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, మూతి నాక్కుని తిరిగి వెళ్లిపోతుంది. నీళ్లు మాత్రం స్నానాల గదిలోని బకెట్‌లో నుంచి కూడా తాగుతోంది. పొద్దున్నే తెల్లటి నురగ కక్కుతోంది. మొదటి నుంచీ పాలన్నం, పెరుగన్నం, వారానికి రెండుసార్లు చేప పెడుతున్నాము. ఒళ్లు వెచ్చగా ఉందని పక్కింటివారు పారాసిటమాల్ సిరప్ పట్టమంటున్నారు. వయసు మీదపడిన జీవాన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పి బాధపెట్టవద్దని మా అత్తగారు అంటున్నారు. ఏమి చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అన్నిటికంటే ముందు ఆ పారాసిటమాల్ సీసాను దూరంగా పెట్టండి. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కాబట్టి, మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర కూడా దాని రక్తాన్ని ప్రాణవాయువు మోయలేని స్థితికి తెచ్చి ప్రాణం తీయగలదు. పైగా ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఒంటి వేడే సుమారు 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది; మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

మీ అత్తగారి జాలిని నేను తప్పుపట్టను. అయితే నాలుగు కిలోల పిల్లి ఒక కిలో తగ్గడమంటే అరవై కిలోల మనిషి పదిహేను కిలోలు తగ్గడమే. దానిని వయసు ఖాతాలో వేసి ఊరుకోలేము.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది మీరు గిన్నె దగ్గర చూసి రాసిన సంగతి. ఆకలి పూర్తిగా చచ్చిన పిల్లి గిన్నె వైపే రాదు. మీ పిల్లి వస్తోంది, అంటే దానికి తినాలని ఉంది, కాని ఏదో అడ్డుపడుతోంది. నోటిలో పుండో పుచ్చిన పన్నో ఉంటే ముద్ద నోట పెట్టుకుని జారవిడుస్తుంది, ఒక పక్కనే నములుతుంది, చొంగ కారుస్తుంది. వాసన చూసి మూతి నాక్కోవడం, పరగడుపున నురగ కక్కడం మాత్రం కడుపులో వికారానికి గుర్తులు. వీటికి అతిదాహం, బరువు తగ్గడం తోడైనప్పుడు నేను మొదట అనుమానించేది మూత్రపిండాలను. అవి దెబ్బతిన్నప్పుడు మూత్రాన్ని చిక్కబరచలేవు. ఒంట్లోని నీరంతా పలచటి మూత్రంగా పోతుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి పిల్లి బకెట్‌ను వెతుక్కుంటుంది. బయటకు పోవలసిన మలినాలు రక్తంలో పేరుకుని వికారం పుట్టిస్తాయి. మధుమేహంలో కూడా దాహం, బరువు తగ్గడం కనిపిస్తాయి కనుక పరీక్ష లేకుండా ఏదీ తేల్చకూడదు.

ఏలూరుకు గన్నవరం దూరం కాదు. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి పుట్టి మూత్రపిండాల ద్వారా బయటకు పోయే మలినం), చక్కెర, థైరాయిడ్ హార్మోను చూడమని, వాటితోపాటు మూత్రం చిక్కదనాన్ని తప్పకుండా కొలవమని అడగండి. మూత్రపిండాల శక్తిలో దాదాపు మూడు వంతులు పోయేదాకా క్రియాటినిన్ హద్దు దాటదు. కండ కరిగిన మీ పిల్లి వంటి వాటిలో అది ఉన్నదానికంటే తక్కువగా కూడా కనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క అంకె చూసి అంతా బాగుందనుకోవద్దు.

ఇక తిండి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి మన సామెతలో ఉంది గాని, పెరిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర సరిగా అరగదు. పైగా వాటి కళ్లకూ గుండెకూ కావలసిన టారిన్ అనే పదార్థం అన్నంలో లేదు, మాంసంలోనూ చేపలోనూ ఉంది. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనే తేలింది. శాకాహారపు ఇళ్లలో పెరిగే పిల్లుల విషయంలో ఈ మాట చెప్పడం నాకు ఇబ్బందే, అయినా చెప్పక తప్పదు.

తీపి రుచి పిల్లి నాలుకకు తెలియదు, దానిని తిండి వైపు లాగేది వాసన. కాబట్టి ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేపనో కోడిమాంసాన్నో గోరువెచ్చగా, రెండు మూడు చెంచాల చొప్పున, రోజుకు ఐదారుసార్లు పెట్టండి. మూత్రపిండాల జబ్బు తేలితే భాస్వరం తక్కువగా ఉండే ప్రత్యేకాహారం పెట్టమంటారు. అది మంచిదే, అయితే వికారం తగ్గకముందే మొదలుపెడితే ఆ తిండికీ ఆ బాధకూ ముడిపెట్టుకుని పిల్లి దానిని ఇక ఎప్పటికీ ముట్టకపోవచ్చు. ముందు వికారానికి, ఆకలికి డాక్టరు చేత మందు రాయించుకోండి, కొత్త తిండిని తరువాత కొద్దికొద్దిగా కలపండి. ఎంత మంచి ఆహారమైనా గిన్నెలో మిగిలిపోతే ప్రయోజనం లేదు. సిరంజితో బలవంతంగా నోట్లో పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మరునాటికి వాయిదా వేయకండి. రెండు మూడు రోజుల పస్తుకే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని అది మరో ప్రాణాపాయమవుతుంది.

అత్తగారికి ఒక మాట చెప్పండి: ఇది మూత్రపిండాల జబ్బే అయితే పూర్తిగా నయం కాదు, కాని చర్మం కింద సెలైన్ ఎక్కించడం చాలామంది ఇంట్లోనే నేర్చుకుంటారు కాబట్టి ప్రతిసారీ ఆసుపత్రికి తిప్పవలసిన పని ఉండదు.

ప్రశ్న: మా 12 ఏళ్ల పిల్లి మునుపటికంటే ఎక్కువ తింటోంది, అయినా ఎముకలు తేలుతున్నాయి. రాత్రిళ్లు అరుస్తూ తిరుగుతోంది. నులిపురుగుల మందు వేసినా గుణం కనిపించలేదు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇంత ఆకలితో చిక్కిపోయే ముసలి పిల్లికి ముందుగా థైరాయిడ్ చూడాలి, ఆ గ్రంథి మితిమీరి పనిచేస్తే ఇలాగే ఉంటుంది. మాత్రలతో అదుపులోకి వస్తుంది. అయితే థైరాయిడ్ ఉధృతి వల్ల మూత్రపిండాలకు రక్తం ఎక్కువగా పారుతూ వాటి లోపం కప్పబడి ఉండవచ్చు, కాబట్టి మాత్రలు మొదలైన కొన్ని వారాలకు క్రియాటినిన్ మళ్లీ చూపించండి. రక్తపోటు కూడా కొలవమనండి. అది పెరిగితే పిల్లికి ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. కంటిపాపలు వెలుతురులో కూడా పెద్దవిగానే ఉంటే, గోడలకు తగులుతూ నడుస్తుంటే, అదే రోజు తీసుకువెళ్లండి.