ఉప్పునీటి రీఫ్ ట్యాంకులో పీహెచ్ తగ్గితే ముందు గది గాలిని చూడండి

మీ రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే అక్వేరియంలో) తెల్లవారుజామున పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.7 చూపుతోందని, లైట్లు ఆర్పే వేళకు 7.95కు చేరుతోందని, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) 8.5 డీకేహెచ్ (దాని కొలమానం) ఉన్నా, పీహెచ్ పెంచే బఫర్ పొడి వేసిన కొన్ని గంటలకే పీహెచ్ మళ్లీ పడిపోతోందని మీరు రాశారు. ఆల్కలినిటీ సరిగా ఉండి పీహెచ్ ఒక్కటే తగ్గిందంటే నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఆమ్లత పెంచుతోందన్నమాట. ఆ పొడి వేస్తూ పోతే చివరికి పెరిగేది ఆల్కలినిటీయే.

ముందుగా పీహెచ్ మీటరును, పీహెచ్ 7, 10 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో మెత్తని పగడాలున్న ట్యాంకు ఏసీ గదిలోనే ఉంటుంది. మన విశాఖ ఉక్కపోతలో కిటికీలు మూసి ఏసీ వేసుకోక తప్పదు గానీ, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ఉంటే, ఇద్దరు ముగ్గురు నిద్రపోయిన మూసిన గదిలో తెల్లవారేసరికి అది 1000 దాటడం మామూలే. పైగా చీకట్లో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, ట్యాంకులోని జీవులన్నీ ఆ వాయువును వదులుతూనే ఉంటాయి.

నిర్ధారణకు ఉదయాన్నే రెండు గ్లాసుల ట్యాంకు నీరు తీసుకుని, ఒకదానిలో గదిలోనే, రెండోదానిలో బాల్కనీలో ఎయిర్ పంపుతో గంటసేపు గాలి ఊదండి. మా ఇంట్లో లోపలి గ్లాసు దాదాపు కదలలేదు. బాల్కనీ గ్లాసులో మాత్రం అంకె మెల్లగా ఎక్కుతూ 8.1 దాటి నిలిచింది. బాల్కనీలోనూ పెరగకపోతే ఆల్కలినిటీని మళ్లీ కొలవండి. సముద్రపు నీరు తెచ్చుకునేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వర్షాకాలం చివర నదుల నీరు కలిసి మన తీరంలో ఉప్పుదనంతో పాటు ఆల్కలినిటీ కూడా తగ్గుతుంది.

తేడా కనిపిస్తే, ప్రొటీన్ స్కిమ్మర్ (గాలి బుడగలతో నీటిలోని మలినాలను తీసే పరికరం) గాలి పీల్చే గొట్టాన్ని కిటికీ బయటికి తీసి, కొసకు సన్నని వల కట్టండి. నా ట్యాంకులో తెల్లవారుజాము రీడింగు 8.0 దగ్గర నిలబడింది ఈ ఒక్క మార్పుతోనే. వీధిలో దోమల మందు పొగ కొట్టే రోజు మాత్రం గొట్టాన్ని లోపలికి లాగేయండి. ఆ మందు రొయ్యలకు, పీతలకు ప్రాణాంతకం.

అప్పటికీ చాలకపోతే, ఆవిరైన నీటికి బదులుగా రాత్రిపూట సున్నపు తేటను చుక్కలు చుక్కలుగా పడనివ్వండి. అందుకు కిళ్లీ సున్నం పనికిరాదు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే కావాలి. తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కనుక ఒక్కసారిగా పోయకండి, ట్యాంకు పీహెచ్ 8.4 దాటితే ఆపేయండి.