గస్తీకి వెళ్ళే ముందు పాంపే సంగతి తెలుసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

ఏడెన్ గల్ఫ్‌లో గస్తీ డ్యూటీ పడిందని తెలిసి సంతోషించాను. అనుమానం వచ్చిన పడవను ఎలా ఆపాలో, ఎలా సోదా చేయాలో నీకు శిక్షణలో నేర్పే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది క్రీ.పూ. 67లో సముద్రపు దొంగలను అణచిన రోమన్ సేనాని పాంపే సంగతి.

అప్పట్లో సిలీషియా, అంటే ఇప్పటి టర్కీ దక్షిణ తీరం, సముద్రపు దొంగలకు అడ్డా. వాళ్ళ దెబ్బకు రోముకు ధాన్యం ఓడలు రావడమే గగనమైంది. అప్పుడు రోము పాంపేకు మధ్యధరా సముద్రం మొత్తం మీదా, తీరం నుంచి 50 మైళ్ళ దాకా నేల మీదా అధికారం ఇచ్చింది. ఆ నేల సంగతే అసలు కీలకం. దొంగకు తిండీ నీళ్ళూ, దోచినదాన్ని కొనేవాడూ దొరికేది ఒడ్డునే కదా. గ్రీసు దగ్గరి డెలోస్ ద్వీపపు సంతలో వాళ్ళు అమ్మిన బానిసలను కొన్నది రోము ధనవంతులే! 2008లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి విదేశీ నౌకాదళాలను సోమాలియా జలాల్లోకి, తర్వాత ఒడ్డు మీదికీ వెళ్ళడానికి అనుమతించింది కూడా ఇందుకే.

పాంపే సముద్రాన్ని 13 భాగాలు చేసి, అన్నిచోట్లా ఒకేసారి దిగాడు. ఒకచోట తరిమితే ఇంకోచోట తేలే వీల్లేకుండా చేశాడు. మూడు నెలల్లో పని పూర్తయింది. మీరూ పక్క దేశాల నౌకలకు సమాచారం వెంటనే అందించండి. మనమే పట్టుకోవాలన్న పంతం వద్దు.

లొంగిపోయిన వేలమందిని పాంపే చంపించలేదు. సోలి లాంటి జనం పలచబడ్డ ఊళ్ళలో భూములిచ్చి నిలబెట్టాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే. సోమాలీ తీరంలో విదేశీ ట్రాలర్లు అక్రమంగా చేపలు ఊడ్చుకుపోవడం జాలరుల కడుపు కొట్టింది. పైరేట్ల ముఠాలకు అదే సాకైంది. అలాంటి ట్రాలర్ నీ కంటపడితే తప్పకుండా రిపోర్ట్ చెయ్యి.

పట్టుబడినవాళ్ళ మీద చెయ్యి చేసుకోవద్దు. ఓడలెక్కే నిచ్చెనలు, ఆయుధాలు, జీపీఎస్ పరికరాలు ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి, టైముతో సహా రాసిపెట్టు. సాక్ష్యం చాలక పట్టుకున్నవాళ్ళను మళ్ళీ ఒడ్డున దించేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మనకు సముద్రపు దొంగతనాన్ని అరికట్టే 2022 చట్టం ఉన్నా, కోర్టుకు కావలసింది నువ్వు రాసిన కాగితమే.

దాడులు లేవని జాగ్రత్త వదిలేయొద్దు. ఏళ్ళ తరబడి సద్దుమణిగాక 2023 డిసెంబరులో రూయెన్ ఓడ హైజాక్ అయింది. 2024 మార్చిలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ కోల్‌కతా ఆ ఓడ మీదున్న 35 మంది పైరేట్లను లొంగదీసి, 17 మంది సిబ్బందిని విడిపించింది. రోములో కూడా తర్వాత అగస్టస్ చక్రవర్తి ఇటలీ రేవులైన మిసెనం, రవెన్నాల్లో శాశ్వత నౌకాదళాలను ఉంచాల్సి వచ్చింది. ఏమీ జరగని రాత్రి వాచ్‌లో కూడా రాడార్ మీద ప్రతి చుక్కనూ చూడు, లాగ్‌లో రాయి.