పైథాన్‌లో లిస్టును చివరి నుంచి చదవడానికి రివర్స్‌డ్ (reversed) అనే ఫంక్షన్ వాడాలా, ఇండెక్సులతో (లిస్టులో సున్నా నుంచి మొదలయ్యే స్థానాల అంకెలతో) లూప్ రాసుకోవాలా?

రివర్స్‌డ్ వాడండి. ఇండెక్సులతో రాస్తేనే అసలు ప్రోగ్రామింగ్ వచ్చినట్టని మా పాత టీమ్ లీడ్ అనేవారు. ఆ మాట విని నేను పడ్డ అవస్థ చెప్తాను.

ఒక కిరాణా హోల్‌సేల్ కొట్టుకి ఖాతా స్టేట్‌మెంట్ ప్రింటు తీసే ప్రోగ్రాం రాశాను. కొత్త ఎంట్రీ పైన, పాతది కింద రావాలి. వరసగా అంకెలిచ్చే రేంజ్‌ని లెన్ (లిస్టు పొడవు) మైనస్ 1 దగ్గర మొదలుపెట్టి, సున్నా దగ్గర ఆపమని, మైనస్ 1 చొప్పున వెనక్కి నడిపించాను. 40 ఎంట్రీలతో టెస్ట్ చేస్తే పేజీ నిండా వచ్చాయి. వరసలు ఎవరు లెక్కపెడతారు?

నెల తిరిగేసరికి గుమస్తాగారు ఫోన్ చేశారు. "బాబూ, పాత బాకీ ఏదయ్యా? కింద మొత్తం సరిగ్గానే వేశావు, పైన వరసలు కూడితే తక్కువొస్తోంది."

నేను రెండు రాత్రులు డేటాబేస్‌ని అనుమానించాను. తల ప్రాణం తోకకొచ్చింది. తీరా చూస్తే, పాత బాకీ లిస్టులో మొట్టమొదటి ఎంట్రీ, అంటే ఇండెక్స్ సున్నా. రేంజ్ ఆగమన్న అంకెను ముట్టుకోదు, దాని ముందే ఆగిపోతుంది. సున్నా కూడా రావాలంటే అక్కడ మైనస్ 1 రాయాలి. మొత్తాన్ని సమ్‌తో విడిగా తీశాను కాబట్టి అది మాత్రం కరెక్టుగానే వచ్చింది. ఒక్క ఖాతాలో కాదు, అన్ని ఖాతాల్లోనూ పాత బాకీ ఎగిరిపోయింది! టెస్టింగ్ టీమ్ కంటే ఆయన పెన్సిలే నయం.

ఈ తిప్పలు ఎప్పుడో గుర్తించి పైథాన్ డెవలపర్ రేమండ్ హెట్టింగర్ 2003లో ప్రతిపాదన పెడితే, 2004లో పైథాన్ 2.4తో రివర్స్‌డ్ వచ్చింది. అయినా ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ "రివర్స్‌డ్ వాడకుండా రాయండి" అంటారు. ఎందుకండీ? ఉద్యోగంలో చేరాక దాన్నేమైనా దాచిపెడతారా?

అది స్లో అనేవాళ్ల మాట పట్టించుకోకండి. స్లైసింగ్‌తో, అంటే [::-1] అని రాసి తిప్పితే లిస్టు మొత్తానికి ఇంకో కాపీ తయారవుతుంది, రివర్స్‌డ్ కాపీ చెయ్యదు. చుక్క పెట్టి రాసే రివర్స్ వేరు, అది అసలు లిస్టునే తిప్పేస్తుంది, మనకి తిరిగిచ్చేది నన్ (None, అంటే ఏమీ లేదని) మాత్రమే. ఎంట్రీలతో పాటు వాటి అంకెలనూ ఇచ్చే ఎన్యూమరేట్‌ని నేరుగా రివర్స్‌డ్‌కి ఇస్తే మాత్రం టైప్ ఎర్రర్ వస్తుంది, ముందు లిస్టుగా మార్చుకోవాలి.

గుమస్తాగారు ఇప్పటికీ నా ప్రింటు చేతికి రాగానే ముందు అట్టడుగు వరసే చూస్తారట.