పోపుకు మోగే అలారం గ్యాస్‌కు మోగదేం?

"పోపు వేస్తే చాలు, వంటింట్లో గ్యాస్ అలారం గోల చేస్తోంది. మొన్న స్టవ్ నాబ్ సరిగా కట్టేయక వాసన గుప్పుమంటే మాత్రం కిక్కురుమంటే ఒట్టు. యాప్‌లో సెన్సిటివిటీ తగ్గించాను. పీస్ పాడైందా?"

ఈ నెలలో ఇలాంటి ప్రశ్న ఇది నాలుగోది. ముందు ఆ సెన్సిటివిటీని మునుపటిలాగే పెట్టేయండి. మీరు పంపిన ఫొటోలో పీస్ చిమ్నీ పక్కన, సీలింగ్ కింద ఉంది. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. పీస్ నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పైన బిగించాల్సింది పైపు గ్యాస్ వాడేవాళ్లు. మీ పీస్ దాకా ఎక్కేది పోపు పొగే, అదీ చిమ్నీ లాగుడుకి.

పైగా ఆ జాలీ వెనకున్నది ముక్కు కాదు. చాలా పీసుల్లో ఉండేది వేడెక్కించిన టిన్ ఆక్సైడ్ పూత, 1962లో జపాన్‌లో నవోయోషి తగుచి పేటెంట్ కోరిన పద్ధతి. గాలిలోని ఆక్సిజన్ ఆ పూతకు అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది, కరెంటు సరిగా పారదు. మండే ఆవిరి ఏది తగిలినా ఆ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది, ఎలక్ట్రాన్లు వదులవుతాయి, అలారం మోగుతుంది. వచ్చింది సిలిండర్ గ్యాస్‌లోని బ్యూటేనా, శానిటైజరా అన్న తేడా దానికి పెద్దగా తెలియదు. జాలీ నిండా నూనె జిడ్డు పట్టిందంటే అసలు గ్యాసే లోపలికి వెళ్లదు. ఈమధ్య సింక్ చుట్టూ సిలికాన్ సీలెంట్ పూయించారా? ఆ ఆవిరి పూత మీద సిలికా పొరగా పేరుకుంటుంది. ఆ తర్వాత కూడా పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, లోపల పూత మాత్రం మొద్దుబారిపోయి ఉంటుంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది యాప్. ఎక్కడో ఆఫీసులో కూర్చున్న కొడుకు, ఊళ్లో అమ్మ వంటింట్లో మోగే అలారాన్ని మీటింగ్ మధ్యలో వేలితో నొక్కేయొచ్చు. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోతే ముక్కూమొహం తెలియనివాడూ నొక్కేయొచ్చు. ప్రాణం మీదికొచ్చే అలారాన్ని దూరం నుంచి ఆపే బటన్ ఎందుకు పెట్టారో, ఆ డిజైన్ చేసినవాళ్లు ఒక్కసారి సిలిండర్ పక్కన నిలబడి చెప్పాలి. ఇంకొన్ని పీసులైతే గ్యాస్ పసిగట్టగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేస్తాయట! గాలిలో బ్యూటేన్ సుమారు 1.8 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. మామూలు ఫ్యాన్ స్విచ్‌లో ఆ రవ్వ ఉండనే ఉంది. ఆ సెట్టింగ్ ఇవాళే తీసేయండి.

వాసన వస్తే అలారం కోసం చూడకండి. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చాక గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి. అన్నట్టు, పీస్ వెనక తయారీ తేదీ ఉంటుంది. కంపెనీ ఇచ్చిన గడువు దాటిపోయి ఉంటే కిందికి మార్చే శ్రమ కూడా వద్దు, కొత్తది కొనండి.